గిన్నె ఖాళీ చేసే మనిషి

కంటి డాక్టరుగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "శుక్లాలు ముదిరాయి, తీసేయొచ్చు. కానీ ముందు షుగర్ దిగాలి." మా ఆవిడ బుద్ధిగా తల ఊపింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "అయితే నా మిషను పని అయిపోయినట్టేనేటండీ?" అంది. ముప్పై ఏళ్లుగా మా వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ కుట్టినవే. సూదిలో దారం ఎక్కించలేక ఆ ఏడాదే మిషను మీద దుప్పటి కప్పేసింది.

నేను మొండివాణ్ణి. నర్సీపట్నంలో నాది మోటారు వైండింగ్ షాపు. గొలుగొండ నుంచీ కోటవురట్ల నుంచీ రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేస్తే, తీగ ఎన్ని చుట్లుందో లెక్కపెట్టి మళ్ళీ అన్నే చుట్లు చుట్టి తిప్పించి పంపిస్తాను. అంతటి వాడికి షుగరొక లెక్కా అనుకున్నాను. షుగరు డాక్టరుగారు మాత్రలు రాసి, అన్నం బాగా తగ్గించి కూరలూ గుడ్లూ పెంచమన్నారు. చూపు ఆనక ఆవిడ అప్పటికే రెండుసార్లు వేలు కోసుకుంది. అందుకని వంటా, అంట్లు తోమడమూ నా నెత్తినే వేసుకున్నాను.

మొదటి రోజు పళ్ళెం నిండా గోరుచిక్కుడు కూర, పక్కన చిన్న గరిటెడు అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని నీళ్ళ చెంబు అందుకుంది. "ఇదేటండీ, ఉప్పు కషాయం!" నేను తిన్నప్పుడు బాగానే ఉందే అనుకున్నాను. నేను తిన్నది అన్నంలో కలుపుకుని కదా! మన కూరల్లో ఉప్పూ కారమూ అన్నాన్ని నమ్ముకుని వేసేవి. అన్నం తగ్గితే అవీ తగ్గాలి. ఆ సంగతి తెలిసొచ్చేసరికి వారం పట్టింది. ఆ తర్వాత చెయ్యి తిరిగింది. ఆనపకాయ, కాకరకాయ, పొద్దున్న పెసరట్టు మీద గుడ్డు, వానాకాలం ఏజెన్సీ కొండల నుంచి సంతకొచ్చే లేత వెదురు కొమ్ములు. బాగుందని ఆవిడ నోటితో అనలేదు గానీ కూర మిగల్చడం మానేసింది.

మూడు నెలలకి పరీక్ష చేయిస్తే షుగర్ ఎక్కడిదక్కడే ఉంది. ల్యాబు వాళ్ళ మీద ఎగిరాను. ఇంటికొచ్చి ఆవిడ మీద ఎగిరాను. "దొంగచాటుగా బెల్లం తింటన్నావా?" అన్నాను. "ఒట్టండీ, నోట్లో ఎయ్యనేదు" అంది. నమ్మకుండా వెళ్ళి డబ్బా మూత తీశాను. బెల్లం అచ్చు పెట్టింది పెట్టినట్టే ఉంది, చీమలు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

నేను ఒంటిగంటకి వచ్చి వండి, తిని, ఆవిడ పళ్ళెం వడ్డించి మూత పెట్టి షాపుకి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకరోజు లైను పని అని మధ్యాహ్నం కరెంటు తీసేశారు. కరెంటు లేని షాపులో ఏం చేస్తాను, మూడింటికి ఇంటికొచ్చేశాను. ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని, అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మజ్జిగ పోసి ఆవకాయ ముక్కతో కలుపుతోంది. గిన్నెలో సగానికి పైగా అన్నం ఉంది.

"ఏటే అది?" అని కేక వేశాను.

ఆవిడ బెదరలేదు. నా కేకకే ఆశ్చర్యపోయింది. "నేను అన్నం తింటన్నానేటండీ? గిన్నె ఖాళీ సేత్తన్నాను. పారబోత్తే పాపం కాదా?"

అబద్ధం కాదు, నిజంగానే ఆవిడ లెక్క అది. పళ్ళెంలో తిన్నది తిండి. గిన్నెలో మిగిలింది ఇల్లు ఊడ్చినట్టు ఒక పని. మా అమ్మా అంతే చేసేది. పెళ్ళయినప్పటి నుంచీ నేను చెయ్యి కడుక్కుని లేచిపోవడమే గానీ, ఆవిడ ఏం తింటోందో ఒక్కనాడూ చివరిదాకా కూర్చుని చూడలేదు. పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయినా ఇంట్లో బియ్యం మూడు గ్లాసులే. ఆ మూడూ పోసి వండింది నేను. సాయంత్రం ఆ ఖాళీ గిన్నె తోమింది కూడా నేనే. చుట్లు లెక్కపెట్టే మొనగాణ్ణి, మిగతా అన్నం ఎటు పోయిందని ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది.

మర్నాడు ఒక్క గ్లాసే పోశాను. "ఎవరైనా వత్తేనో?" అని గోల పెట్టింది. "వస్తే బేగి వండేస్తాన్లే" అన్నాను. ఆవిడ పక్కన కూర్చుంటే గానీ నేను కంచం ముట్టుకోనని కూడా చెప్పాను. మొదట్లో ముద్దకోసారి ఏదో వంకతో లేచేది. కూతురొచ్చి వెళ్ళిన రోజు అన్నం మిగిలితే ఆవిడ చెయ్యి గిన్నె మీదికి పోయింది. నేను గిన్నె లాక్కుని పక్కింటి గేదె కుడితిలో వేసొచ్చాను. "దానికి మాత్రం సుగరు రాదేటండీ?" అని నవ్వింది. ఇన్ని నెలల్లో నేను విన్న మొదటి నవ్వది.

తర్వాతి పరీక్షలో షుగర్ దిగింది. డాక్టరుగారు ఒక మాత్ర తగ్గించారు. ఆ పై నెలలో ఒక కంటికి, కొన్నాళ్ళకి రెండో కంటికి ఆపరేషను అయింది. చుక్కల మందు రోజులు గడిచాక ఒక పొద్దున్న వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఏటండీ! ఇన్నాళ్ళూ ఈ గిన్నెలోనేనా నాకు వండింది? అంచు సుట్టూ జిడ్డు సూడండి!"

పరిగెత్తాను. కిటికీ దగ్గర నిలబడి అన్నం గిన్నెని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకా ఏటేటి కనపడతన్నాయో సెప్పు" అన్నాను.

ఒక్కటీ వదల్లేదు. గట్టు మీద పసుపు మరకలు, పోపుల డబ్బా మూత, ఫ్యాను రెక్కలు, నా చొక్కా కాలరు. వంటిల్లు అయిపోయాక ముందు గదిలోకి వెళ్ళింది. మిషను మీది దుప్పటి లాగి, "ఇంత మురికేటండీ" అని బకెట్లో పడేసింది.

దుప్పటి సాయంత్రానికే ఆరింది. మళ్ళీ కప్పలేదు.