బావగారి రైఫిల్, నా చింతపండు

మా బావగారు పోయారని మేనకోడలు ఫోన్ చేసినప్పుడు నేను కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. "మామయ్యా, డాడీ పోయారు. నిద్రలోనే. పొద్దున అమ్మ కాఫీ తీసుకెళ్తే లేవలేదు," అంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. దాని తెలుగు బండికి ఎప్పుడూ ఒక చక్రం వదులుగా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నేను గీకుడు ఆపలేదు. ముందు అద్దం అయ్యాక వెనక అద్దం కూడా గీకాను. అవసరం లేని పక్క అద్దాలు కూడా గీకాను. ఆ తర్వాతే కారెక్కి తలుపు వేసుకున్నాను.

ఆ మర్నాడే మిషిగన్‌లో జింకల వేట మొదలు. మా రాష్ట్రం సంగతి తెలియని వాళ్ళకు చెబుతున్నాను, ఇక్కడ ఆ రోజు పండగ కాని పండగ. ప్లంబర్ దొరకడు, ఇంటి కప్పు బాగుచేసేవాడు దొరకడు. నేను ఇరవై ఏళ్ళు పనిచేసిన టైర్ల షాపులో సగం మంది నారింజ రంగు కోటు వేసుకుని అడవికి పోయేవాళ్ళు. మిగిలిన సగం మందికి ఆ రోజే వెన్నునొప్పి వచ్చేది. నేనూ, క్యాషు దగ్గర అమ్మాయీ మిగిలేవాళ్ళం.

కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మా బావగారిదీ అదే అనుభవం. ఆయన పని కొలత పరికరాలు తయారుచెయ్యడం. అంటే మిగతా వాళ్ళు చేసిన వస్తువు సరిగ్గా ఉందో లేదో చూడటానికి వాడే వస్తువును ఈయన చేసేవారు. "అందరి తప్పులూ పట్టేవాణ్ణి నేను తప్పు చేస్తే ఎవడు పడతాడోయ్?" అనేవారు. అందుకని ఒక్కో పని మూడేసి సార్లు చూసుకునేవారు. ఆయన దగ్గర ప్రతి పనిముట్టుకీ ఒక అట్టముక్క ఉండేది. ఎప్పుడు చేసింది, ఎక్కడ అరిగింది, ఏం మరమ్మతు జరిగింది, అన్నీ దాని మీద తెలుగులో రాసేవారు. నేను వాటిని జాతకాలు అనేవాణ్ణి.

నన్ను ఈ దేశానికి రప్పించింది ఆయనే. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి, భార్య తమ్ముణ్ణి అన్న ఒక్క అర్హత మీద, పన్నెండేళ్ళు కాగితాలు నడిపి తెచ్చుకున్నారు. దిగిన రోజున ఎయిర్‌పోర్టులో నా చేతులు రెండూ పట్టుకుని తిరగేసి చూశారు. "పనికొచ్చే చేతులే," అన్నారు. అంతకు ముందు ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

ఇక రైఫిల్ సంగతి. బావగారు కోడిగుడ్డు ముట్టని మనిషి. పెరట్లో తులసి మొక్క తినే కుందేలును కూడా "అమ్మా, వెళ్ళు తల్లీ" అని బతిమాలే రకం. అలాంటాయనకు వేట తుపాకి మీద మనసెలా పోయిందంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఫోర్‌మన్ ఒకసారి ఇంటికి పిలిచి, తన తండ్రి నాటి రైఫిల్ చేతికిచ్చాడట. గొట్టం వెనకాల గడియలాంటి ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని బోల్ట్ అంటారు. పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. మన పాత ఇళ్ళ తలుపు గడియ లాంటిదే. కాకపోతే మన గడియ కీచుమంటుంది. అది వెన్నలో వేలు దించినట్టు వెళ్ళిందట. "కంప్యూటర్లు లేని రోజుల్లో, ఎవడో ఆకురాయి పట్టుకుని, వెంట్రుకలో పదో వంతు తేడా రాకుండా అరగదీశాడోయ్ దాన్ని. వాడి పేరు కూడా ఎవరికీ తెలీదు," అని నాకు కనీసం ఇరవై సార్లు చెప్పారు. ఆ చప్పుడు చెవిలో పెట్టుకుని ఇల్లు కొన్నారు, కూతుర్ని చదివించారు, నన్ను తెచ్చారు. రిటైరయ్యాకే కొనుక్కోవడానికి బయల్దేరారు.

ఉత్తరాన రెండు గంటల దూరంలో చిన్న ఊళ్ళో ఒక తుపాకుల షాపు. కొనడానికి ముందు మూడుసార్లు ఉత్తినే చూడటానికి వెళ్ళాం. నేను డ్రైవర్ని, ఆయన పులిహోర డబ్బా పట్టుకున్న ప్రయాణికుడు. షాపు ముసలాయన మొదటిసారే అడిగాడు, "జింకకా, ఇంకా పెద్ద జంతువుకా?" అని. బావగారు "నేను పెరుగన్నం తింటాను," అన్నారు ఇంగ్లీషులో, వివరంగా, పెరుగు ఎలా తోడుపెడతారో కూడా కలిపి. ఆ ముసలాయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. అప్పట్నించీ వాళ్ళిద్దరూ స్నేహితులు.

గోడకు రెండు ఉన్నాయి, ఒకే కంపెనీవి, ఒకే కాలానివి. ఒకటి తళతళలాడుతోంది. రెండోది చెక్క మీద గీతలతో, వెలిసిన నలుపుతో, వాన పడ్డ గొడుగులా ఉంది.

"బావగారూ, ఆ మెరిసేది తీసుకోండి. పెళ్ళికొడుకులా ఉంది," అన్నాను.

"అదేనోయ్ నా అనుమానం. చెక్కిన అక్షరాల దగ్గర చూడు. అంచులు కరిగినట్టు లేవూ? పాలిష్ పట్టి, మళ్ళీ కొత్తగా పూత వేశారు. అరవై ఏళ్ళవాడు జుట్టుకు రంగేస్తే పెళ్ళిచూపులకు పనికొస్తాడు గానీ సాక్ష్యానికి పనికిరాడు."

ఆ రోజుల్లో నేను జుట్టుకు రంగేస్తున్నాను. ఆయన ఆ మాటన్నప్పుడు నా వంక చూడలేదు. అది ఆయన మర్యాద.

రెండోదాన్ని అడిగి తీసుకున్నారు. ముందు బోల్ట్ ఊడదీసి, గొట్టంలో తూటా లేదని వేలు పెట్టి చూశారు. షాపాయన అప్పుడే చూసి ఇచ్చాడు, అయినా సరే. "ఖాళీ అని చెప్పిన ప్రతి తుపాకీ నిండుదే," అనేవారు. తెల్ల కాగితం అడ్డుపెట్టి గొట్టంలోంచి వెలుగు చూశారు. బోల్ట్ మీద నంబరూ, తుపాకీ ఒంటి మీద నంబరూ ఒకటేనని భూతద్దం పెట్టి చదివారు. పైన దుర్బీను బిగించడానికి ఎవరైనా కొత్త బెజ్జాలు వేశారేమోనని తడిమారు. ఆఖరికి స్క్రూలు. ఒక్కో స్క్రూ తలా అంత సేపు చూస్తుంటే నాకు నిద్రొచ్చింది.

"ఏం చూస్తున్నారండీ అందులో?"

"గాడి చెదరలేదు. తొందరపడ్డవాడు ఎవడూ దీన్ని ముట్టుకోలేదన్నమాట. స్క్రూ తల చూస్తే యజమాని కనిపిస్తాడోయ్."

చివరగా దాన్ని ఒంటి చేత్తో ఎత్తి, అడుగున అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. బరువు చూస్తున్నారనుకున్నాను. కళ్ళు తెరిచి "ఇదే," అన్నారు. కాగితాలు నింపి, ప్రభుత్వం వాళ్ళ నుంచి సరే అనే మాట వచ్చేదాకా ఇద్దరు ముసలివాళ్ళూ పులిహోర తిన్నారు.

ఇంటికొచ్చాక రైఫిల్ తాళం వేసిన బీరువాలో, బోల్ట్ వేరే గదిలో బిస్కెట్ల డబ్బాలో. ఒక్కనాడూ రెండూ ఒకే తాళం కింద ఉంచలేదు. ఒక్క తూటా కొనలేదు. నెలకోసారి బేస్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుని నూనె పట్టించడం, బోల్ట్ పెట్టి నాలుగుసార్లు ఆడించడం, ఆ చప్పుడు వినడం. అంతే ఆయన వేట.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. రైఫిల్ కొన్న ఏడు దసరాకు నేను అక్కావాళ్ళింట్లోనే ఉన్నాను. మనవాళ్ళిళ్ళల్లో ఆయుధపూజ తెలుసు కదా. గరాజులో కారూ, మంచు తోసే మెషీనూ, అక్కయ్య గ్రైండరూ, బావగారి కొలత పనిముట్లూ, నా టైర్ల జాకీ, అన్నిటికీ బొట్లు. ఈసారి రైఫిల్ కూడా పెడదామని బావగారు బోల్ట్ లేకుండా బయటికి తీసి పీట మీద పెట్టారు. పూలూ నిమ్మకాయలూ తేవడానికి ఆయనా అక్కయ్యా ఇండియన్ స్టోర్‌కి వెళ్ళారు. నాకు అప్పగించిన పని ఇత్తడి కుందులు తోమడం.

మా అమ్మ చేతి విద్య అది. పాత చింతపండు, చిటికెడు ఉప్పు, అరచేత్తో వలయాలుగా. కుందులు బంగారంలా వచ్చాయి. వాటి పక్కన రైఫిల్ చిన్నబోయినట్టనిపించింది. తిరగేస్తే అడుగున, తూటాల అరకు మూతగా ఉండే ఉక్కు రేకు మీద, అరచెయ్యంత మేర పూత వెలిసి మట్టి రంగు మచ్చ. ఈ మనిషి నాకింత చేశాడు, నేనీయనకు ఇంతవరకూ ఏం చేశాను అనుకున్నాను. చెయ్యి తడిగానే ఉంది.

రెండు నిమిషాల్లో నా వేళ్ళ మధ్య నీళ్ళు నల్లబడ్డాయి. తుడిచి చూస్తే మచ్చా లేదు, దాని చుట్టూ ఉన్న నల్లటి పూతా లేదు. చేప పొట్టలా తెల్లటి ఉక్కు మిగిలింది.

బావగారు వచ్చారు, చూశారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూశారు. నేను గోడకు అంటుకుపోయాను.

"చింతపండు కొత్తదా, పాతదా?"

"పాతదండీ."

"ఉప్పు వేశావా?"

"కొంచెం."

"ఊఁ. బాగా పట్టింది."

అక్కయ్య అందుకుంది. "ఒరే, నీ చేతులు ఊరుకోవురా? ఆయన ముప్ఫై ఏళ్ళు కాచుక్కూర్చుని కొనుక్కున్నది."

"వాణ్ణేమీ అనకే. మీ అమ్మగారి పెంపకం, మురికి కనిపిస్తే ఆగలేరు," అన్నారు బావగారు. తర్వాత నా వైపు తిరిగి, ఆ తెల్లటి చోట వేలు పెట్టి, చాలా మామూలుగా అన్నారు. "ఇక్కడ ఒకాయన చెయ్యి ఉండేదోయ్."

అప్పుడు అర్థమైంది నాకు. వేటగాడు అడవిలో నడుస్తూ రైఫిల్ ఎక్కడ పట్టుకుంటే బరువు రెండు వైపులా సమంగా తూగుతుందో, అది ఆ చోటు. ఊరూ పేరూ తెలియని వాడెవడో ఎన్నో చలికాలాలు అక్కడ చెయ్యేసి మోశాడు. షాపులో కళ్ళు మూసుకుని ఈయన పట్టుకున్నది ఆ చేతిని. దాన్ని నేను కుంది తోమినట్టు తోమేశాను.

ఆయన దానికి బొట్టు పెట్టారు, హారతిచ్చారు. భోజనంలో నాకు రెండో గారె వెయ్యమని అక్కయ్యకు చెప్పారు.

మర్నాడే షాపాయనకు ఫోన్ చేశాను. పూత మళ్ళీ వెయ్యొచ్చు, కొత్తదానిలా చేసిస్తానన్నాడు. బావగారు వద్దన్నారు. "దాని చేత అబద్ధం చెప్పించనోయ్. జరిగింది జరిగినట్టు ఉండనీ." ఆ మాట తర్వాత పదకొండేళ్ళలో ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. తిట్టి ఉంటే తేలిపోయేది. కొందరి మంచితనం ఎదటివాడికి నిద్రపట్టనివ్వదు.

ఇంకో సంగతి నన్ను కాల్చేది. ఇంటికెవరొచ్చినా ఆయన రైఫిల్ చూపించేవారు. గుడి పూజారిగారికి చూపించారు, మేనకోడలి స్నేహితులకు చూపించారు. అంకుల్, అంకుల్ అని ఆ పిల్లలు చుట్టూ మూగితే స్క్రూ తలల మీద ఉపన్యాసం ఇచ్చేవారు. చూపించినంతసేపూ ఆయన ఎడమ అరచెయ్యి మాత్రం సరిగ్గా ఆ తెల్ల మచ్చ మీదే ఉండేది. నా తప్పు నలుగురికీ కనపడకుండా కప్పుతున్నారనుకునేవాణ్ణి. ఆ కప్పడం చూడలేక కాఫీ వంకతో వంటింట్లోకి పోయేవాణ్ణి. బేస్‌మెంట్‌లోకి ఆయన నూనె గిన్నె పట్టుకుని దిగే రోజున అసలు ఆ ఇంటికే వెళ్ళేవాణ్ణి కాదు.

పన్నెండో రోజు అయ్యాక మేనకోడలు నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది. "మామయ్యా, రైఫిల్ నీకే ఇమ్మన్నారు డాడీ. పేపర్‌వర్క్ అంతా నేను చూసుకుంటాను. ఇదిగో, దీంట్లో కార్డ్ ఉంది. నాకు తెలుగు చదవడం రాదు కదా, నువ్వు చదువు."

బిస్కెట్ల డబ్బాలో బోల్ట్ కింద అట్టముక్క. బావగారి గుండ్రటి రాత. కొన్న షాపు, నంబర్లు, గొట్టం శుభ్రం, స్క్రూలు చెదరలేదు. చివరి వరస పైకి చదివాను.

"అడుగు రేకు మీద చింతపండుతో తోమిన గుర్తు. తోమినది: బావమరిది. కారణం: భక్తి. మరమ్మతు: అక్కర్లేదు."

"చింతపండా? వై?" అంది పిల్ల.

"పులిహోర చేద్దామనుకున్నానమ్మా," అన్నాను. అది నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

రైఫిల్ తీసి, ఖాళీయే అయినా వేలు పెట్టి చూసుకుని, ఒంటి చేత్తో ఎత్తాను. నా అరచెయ్యి నేను చెప్పకుండానే పోయి ఆ చోట కూర్చుంది. ఎవరెత్తినా అక్కడే కూర్చుంటుంది. తిరగేసి కిటికీ వెలుగులో పెట్టాను. చేప పొట్ట తెలుపు లేదు. వాడి వాడి నున్నబడ్డ ఇనప మూకుడు రంగు, అంచుల్లో నాలుగు వేళ్ళ ఒంపు.

"డాడీ అక్కడ మాత్రం క్లాత్ యూజ్ చెయ్యరు మామయ్యా," అంది మేనకోడలు. "ఆయిల్ చేతిలో వేసుకుని అలా పట్టుకుని కూర్చుంటారు. ఎవ్రీ మంత్. నేను అడిగితే, టైమ్ పడుతుంది అనేవారు."

నూనె గుడ్డతో గొట్టం తుడిచాను, బోల్ట్ తుడిచాను, చెక్క తుడిచాను. అడుగుకొచ్చేసరికి గుడ్డ మడిచి పక్కన పెట్టి, అరచేతిలో రెండు చుక్కలు వేసుకున్నాను. టైర్లు మార్చి మార్చి కాయలు కాసిన చెయ్యి. దాన్ని ఆయన చేతి మీద ఆనించి, కదపకుండా, కిటికీలో మంచు పడుతున్నంతసేపూ కూర్చున్నాను.