బుడుబుంగల కోసం చేపల బేరం

కోనసీమలో బేరమాడటం వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ తనకు అక్కర్లేని చేపల మీద కిలోకి పాతిక రూపాయలు తగ్గించిన ఘనత మాత్రం నాదే. అదేమీ ఒక పూటలో తేలిన బేరం కాదు, పదకొండు రోజులు ఆడాను. చివరికి చెరువు కౌలుదారు దణ్ణం పెట్టి "మీయంత గట్టోళ్లని నేను చూళ్లేదండి" అన్నాడు. ఆ మాట విని నేను ఇంటికి నడిచిన నడక చూసినవాళ్లు ఎకరం పొలం కొన్నాననుకుని ఉంటారు. నా జన్మలో అంతకంటే తెలివితక్కువ పని చెయ్యలేదని మర్నాడు పొద్దున్న తెలిసింది.

తప్పు పూర్తిగా నాది కూడా కాదు, పెంపకానిది. నేను అమలాపురంలో స్టీలు సామాన్ల కొట్లో పెరిగాను. బడి నుంచి రాగానే గల్లాపెట్టె పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ల కళ్లు చూడటమే నా పని. "కన్ను ఎక్కడ ఆగిందో చూడమ్మా, రేటు అక్కడ ఉంటుంది" అనేవారు మా నాన్నగారు. కాబట్టి మనం కొనేటప్పుడు మన కన్ను ఎక్కడా ఆగకూడదు. కావలసిన గిన్నెను ఆఖర్న ముట్టుకోవాలి, ముట్టుకోగానే మొహం చిట్లించాలి, ఏదో ఒక వంక పెట్టాలి. మా అమ్మ ఏ చీరకి ఎక్కువ వంకలు పెడితే ఆ చీర ఇంటికొచ్చేది. పెళ్లిచూపులైపోయాక నన్నడిగితే "చెవులు మరీ పెద్దవి" అన్నాను. మా నాన్నగారు వెంటనే లేచి వెళ్లి ముహూర్తం సంగతి మాట్లాడేశారు.

ఆ పెద్ద చెవులాయన పదమూడేళ్లుగా కువైట్‌లో ఏసీ మెకానిక్. రెండేళ్లకోసారి నలభై అయిదు రోజులు ఇంట్లో ఉంటారు. మా ఊరు కొత్తపేట దగ్గర, పలివెల దాటాక వస్తుంది. ఈ పదమూడేళ్లలో ఇల్లు లేచింది, అప్పులు తీరాయి, అమ్మాయికి కాకినాడలో ఉద్యోగం వచ్చింది. ఇంక ఆయన అక్కడ ఎందుకు ఉంటున్నారో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అలవాటు అంతే.

మొన్న వానాకాలంలో ఒక శుక్రవారం, అంటే ఆయనకి సెలవు రోజు, ఫోన్లో చెప్పారు. అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, గడువు దగ్గర పడిందట. ఉండేటట్టయితే నెలాఖరులోగా ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టాలట.

"నువ్వేమంటావు?" అన్నారు.

నా ప్రాణం అంతా 'వచ్చేయండి' అంది. నోరు మాత్రం కొట్లో పెరిగిన నోరు కదా, "మీ ఇష్టం. ఇక్కడ మీకేం పనుంది గనక? దోమలూ, ఉక్కపోతా" అంది.

సరిగ్గా అప్పుడే మా పెరటి వెనక చెరువులోంచి కిలకిలా సకిలించినట్టు ఒక కూత వచ్చింది.

"ఆగాగు. మాట్లాడకు" అన్నారు.

మాట్లాడలేదు. అది ఇంకోసారి కూసింది. దానికి జతది బదులు పలికింది.

"బుడుబుంగలే! ఇంకా ఉన్నాయా అవి? చిన్నప్పుడు పొద్దున్నే ఆ కూతకే లేచేవాణ్ణి. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిప్పుతాదే, చూసేవా ఎప్పుడైనా?"

చూడలేదన్నాను. పెళ్లయి ఇరవై నాలుగేళ్లలో నన్ను మాట్లాడొద్దని ఆయన అనడం అదే మొదటిసారి, అదీ ఒక పిట్ట కోసం. కుళ్లు పుట్టింది. కానీ మా బజారు బుద్ధి అంతకంటే ముందు మేల్కొంది. కొనేవాణ్ణి ఎవరూ చెయ్యి పట్టి లోపలికి లాగరు. సరుకును ముందు వరసలో పెడతారు, వాడే వస్తాడు. పిల్లల్ని వీపున మోసే బుడుబుంగను వీడియో తీసి నెలాఖరులోగా పంపితే ఆయనే "వచ్చేస్తానే" అంటారు. అప్పుడు నేను తీరిగ్గా "సరే, మీ ఇష్టం" అనొచ్చు. ఇదీ నా వ్యాపారం.

బుడుబుంగ పిడికెడు పిట్ట. ఇప్పుడే గుడ్డులోంచి వచ్చిన బాతుపిల్లలా గుండ్రంగా ఉంటుంది, తోక ఉందనిపించదు. మెడ ఇటుక రంగు, ముక్కు మొదట్లో లేత పసుపు మచ్చ. దాని విద్యంతా మునగడంలోనే. మునిగే ముందు చెప్పదు, తేలేచోటు చెప్పదు. అప్పు పెట్టిపోయిన ఖాతాదారులు మాకు కొందరు ఉండేవారు, అచ్చం అలాగే.

అమలాపురం వెళ్లి ఫోను నిలబెట్టే మూడుకాళ్ల స్టాండు కొన్నాను. తొమ్మిదివందలది ఆరువందల యాభైకి. దాన్ని గట్టు మీద పాతి, ముందు కొబ్బరాకుల దడి కట్టి, వెనక పీట వేసుకుని కూర్చున్నాను. ఎలా తియ్యాలో తెలుసుకుందామని ఫోన్లో వెతికితే, ఎక్కడో ఉత్తరాన మంచుదేశాల సరస్సుల మీద లూన్లనే పెద్ద మునుగుడు పిట్టల్ని తీసినవాళ్ల వీడియోలు దొరికాయి. అవీ పిల్లల్ని వీపునే మోస్తాయి. అద్దంలాంటి నీళ్లు, చుట్టూ చెట్లు, పడవలో కదలకుండా ఒక మనిషి. ఆ పిట్ట కూత ఎంత దిగులుగా ఉందంటే, విన్నాక కాసేపు పనేమీ చెయ్యబుద్ధి కాలేదు. వాళ్లు వేసవంతా కూర్చుంటారట. నాకున్నవి ఇరవై రెండు రోజులు.

మొదటి నాలుగు రోజులూ నీళ్ల మీద వలయాలే తీశాను. పిట్ట ఉన్నంతసేపూ ఫోను సర్దుకోవడం, సర్దుకోగానే అది మునగడం. అయిదో రోజున గూడు కనిపించింది. తూము పక్క మూలలో గుర్రపుడెక్క దట్టంగా పెరిగింది. దాని అంచున నాచూ కుళ్లిన ఆకులూ పోగేసి, నీళ్ల మీద తేలే చిన్న తెప్పలా కట్టుకుంది. ఫోన్లో దగ్గరికి లాగి చూస్తే అయిదు గుడ్లు. తల్లి దిగి వెళ్లే ముందు ముక్కుతో గబగబా నాచు లాగి గుడ్ల మీద కప్పేసింది. పోలీసులు వస్తున్నారని తెలిసి సరుకు మీద గోనె పట్టా లాగినట్టు! నేను ఆ పిట్టకి పూర్తిగా లొంగిపోయింది అప్పుడే.

పనులు తప్పించుకుని పొద్దున్నా సాయంత్రం వెళ్లేదాన్ని. ఒకటి పొదిగితే రెండోది కాపలా. రెండూ ఎదురుపడితే మెడలు సాచి ఒకేసారి కూసేవి. పక్కన జతది లేకపోతే కూతకి అర్థం లేదన్నట్టు ఉండేది. అది విని ఇంటికొచ్చి ఒక్కదానికే అన్నం పెట్టుకోవడం ఆ రోజుల్లో కష్టంగానే ఉండేది.

అలా ఉండగా కౌలుదారు పట్టుకున్నాడు. ఆ చెరువులో చేపలు పెంచుతాడతను. నాకంటే ఓ పదేళ్లు చిన్న. మోపెడ్ మీద తవుడు బస్తా వేసుకుని వచ్చి దడి వెనక్కి తొంగిచూశాడు.

"ఏటండి అక్కగారూ, నాల్రోజుల్నుంచి చూత్తన్నాను. మా చెరువుకి కాపలా కాత్తన్నారేటి? జీతం ఇచ్చుకోలేనండి మరి."

పిట్టల కోసం అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కావలసిందేదో ఎదుటివాడికి చెప్పడమా? చెబితే ఆ పిట్ట అతని చేతిలో బేరమైపోదూ? తడుముకోకుండా "నీ చేప ఎలా పెరుగుతోందో చూద్దామని బాబూ. మా ఆడపడుచుగారింట్లో శుభకార్యం ఉంది, నలభై కిలోలు కావాలి" అన్నాను.

"ఆయ్. శీలావతి కిలో నూట అరవై అండి."

"నూట అరవయ్యా? పొలుసులేమైనా బంగారమా?"

"పొలుసు తీసే ఇత్తానండి. బంగారం దొరికితే మీరే ఉంచేసుకోండి."

ఇంత సరసమైన మనిషితో బేరం ఎలా వదులుకుంటాను? రోజూ వచ్చేవాడు, రోజూ ఆడేదాన్ని. నిజానికి నాకది సాకు. బేరం నడిచినంతకాలం గట్టు మీద కూర్చునే హక్కు నాది. మా వారు ఫోను చేసినప్పుడల్లా కడుపులో ఉన్నది దాచుకోవడానికి ఆ బేరం ముచ్చట్లే చెప్పేదాన్ని. ఆయన నవ్వేవారు. అకామా సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

పదకొండో రోజు అతను నూట నలభై అయిదు దగ్గర భీష్మించాడు. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ గల్లాపెట్టె పక్కన పెరిగిన మనిషిని. చెరువు వైపు మొహం చిట్లించి, నాకు బాగా వచ్చిన విద్య ప్రదర్శించాను.

"ఆ మూల చూడు. గుర్రపుడెక్క ఎలా పేరుకుపోయిందో! దాన్నిండా బుడుబుంగలు. నీ చేపపిల్లల్ని అవే మింగేస్తుంటే నువ్వు మేపేది ఎవర్నయ్యా? ఇంత నిర్లక్ష్యంగా పెంచిన చేపకి నూట నలభై అయిదా?"

అతని మొహం చిన్నబోయింది. నూట ముప్ఫై అయిదుకి దిగాడు. దణ్ణం పెట్టింది అప్పుడే.

మర్నాడు పొద్దున్న పలివెల గుడికి వెళ్లొచ్చి గట్టు దగ్గరికి వెళ్లేసరికి నా దడి ముందు ఆకుపచ్చటి గుట్ట ఉంది. గుర్రపుడెక్క మొత్తం తాళ్లతో లాగి గట్టు మీద పోశారు. చెరువు మూల తుడిచిన పళ్లెంలా ఉంది. కౌలుదారు కాళ్లు కడుక్కుంటూ, మొహం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

"చూసేరా అండి! మీరలాగ అన్నాక సిగ్గేసిందండి నాకు. నలుగురు మనుషుల్ని పెట్టి లాగించేసేను. టపాకాయలు పేల్చేసరికి ఆ పిట్టలు కూడా కాలవ వైపు పోయేయండి. ఇంక మీరు చేపకి వంక పెట్టలేరు."

నేను గుట్ట దగ్గర కూర్చుని చేత్తో తవ్వాను. నాచు ముద్ద దొరికింది. దానికింద మూడు గుడ్లు చితికి ఉన్నాయి, రెండు బాగానే ఉన్నాయి, చల్లగా. వాటిలో ఒకదాని మీద, లోపల్నుంచి ఎవరో పొడిచినట్టు, సన్నటి పగులు.

"ఏటండి అక్కగారూ? ఏటైంది?"

అప్పుడు చెప్పాను. స్టాండు, వీడియో, కువైట్, నెలాఖరు, లేని ఆడపడుచు శుభకార్యం, అన్నీ. అతను భుజం మీది తువ్వాలు తీసి నా పక్కన గట్టు మీదే కూలబడ్డాడు.

"ఒక్క ముక్క చెప్పేరు కాదు! ఆ మూల నాకేం పనికొత్తాదండి? తూము దగ్గర చేప నిలవదు. వదిలెయ్యవయ్యా అంటే వదిలేద్దును. డబ్బులెందుకండి దానికి?"

అతన్ని ఏమనగలను? కొనేవాళ్లు పెట్టిన వంక సరిచేసి ఇచ్చాడు. మా నాన్నగారి కొట్లో అయితే అలాంటివాణ్ణి మెచ్చుకునేవారు.

ఆ రోజు శుక్రవారం. ఆయన ఫోను చేసేదాకా ఆగలేదు, నేనే చేశాను. "బుడుబుంగలు పోయాయండి" అని మొదలుపెట్టి ఏడ్చేశాను. ఆయన ముందు నవ్వారు, తర్వాత ఆపేశారు. ఆ ఏడుపులోనే అన్నాను: "మీరు వచ్చేయండి. నాకిక్కడ ఏమీ బాగోలేదు. సంతకం పెట్టకండి."

అవతల ఆయన ఏసీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"బుధవారం పెట్టేసేనే."

"నెలాఖరు అన్నారు కదా!"

"మేనేజరు ఊరెళ్తన్నాడని ముందే అడిగేడు. నాల్రోజులు ఆపేను కూడాను, నువ్వేమన్నా అంటావేమోనని. ఫోను చేసినప్పుడల్లా శీలావతి రేటు చెప్పేవు. నేను లేకపోయినా హాయిగానే ఉన్నావనుకున్నాను."

వెనక్కి తీసుకోవచ్చేమో కనుక్కోమన్నాను. కనుక్కున్నారు. కుదరదన్నారు.

లెక్క చెప్పేస్తాను. స్టాండుకి ఆరువందల యాభై. నలభై కిలోల చేప వద్దనలేకపోయాను, కిలో నూట అరవై లెక్కనే ఇచ్చాను. కౌలుదారు వద్దు వద్దంటుంటే చేతిలో పెట్టాను. బేరంలో ఎదుటివాడికి ఎక్కువిచ్చింది అదొక్కసారే. చేప ఊరంతా తిన్నది, నాకు సహించలేదు. గుడ్లు అయిదు, పిల్లలు సున్నా. పిట్టల జత మళ్లీ ఆ చెరువుకి రాలేదు. వీడియోలన్నీ కలిపితే పావుగంట ఉంటాయి, అందులో పనికొచ్చేది పదకొండు సెకన్లు. పిట్టలు చుక్కల్లా కనిపిస్తాయి గానీ రెండూ కలిసి కూసిన కూత శుభ్రంగా వినిపిస్తుంది. అది ఆయనకి పంపాను. డ్యూటీకి వెళ్లే ముందు వింటారట. ఇవి కాక రెండేళ్లు. అందులో నాలుగు నెలలు గడిచాయి. ఇంకా ఇరవై ఉన్నాయి.