పురుగుల ఇంటి గుమ్మం

మా అత్త నా చేతులు వాసన చూడకుండా పురుగుల ఇంట్లోకి ఒక్కనాడూ పంపలేదు. పట్టుపురుగులకు ఘాటు వాసన పడదు, నిజమే. కానీ మిగతావాళ్లు కాళ్లు చేతులు కడుక్కుంటే చాలు, నాకు మాత్రం సోదా. నేను కేజీఎఫ్ పిల్లను. మా నాయన బంగారు గనిలో దిగేవాడు, మేము గని కంపెనీ లైను ఇళ్లలో పెరిగాం. ఆ ఊరి ఆడవాళ్లు పౌడరు, సెంటు లేకుండా గడప దాటరని ముళబాగిలు పక్క ఈ పల్లెలో ఎవరు చెప్పారో గానీ, ఆమె గట్టిగా నమ్మింది.

"యాడ, చెయ్యి చూపియ్యి" అనేది. పళ్లు కొరుక్కుంటూ చూపించేదాన్ని.

మామ పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ పురుగుల తట్టల మీదే పెంచింది ఆమె. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా పురుగులకు మల్బరీ ఆకు వెయ్యడం మానేది కాదు. మా అందరికీ వడ్డించి మిగిలిన సంగటే తినేది. ఆ మాట కాదనలేను.

ఒక పంటలో, ఇంకో మూడు రోజుల్లో గూళ్లు కడతాయనగా, పొద్దున్నే చూస్తే పురుగులన్నీ తలలెత్తి ఆకుపచ్చటి రసం కక్కుతున్నాయి. పట్టు ఆఫీసు ఆయన వచ్చి చూశాడు.

"రోగం కాదమ్మా ఇది. ఆకుకు ఏదో తగిలుండాది. దోమల బత్తి, సెంటు, పొగాకు... ఏదో ఒగటి."

అందరూ నా వైపు చూశారు. అత్త మాత్రం నేల చూస్తోంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఎప్పుడూ వక్కాకు, పొగాకు కుక్కి ఉండే ఆమె బుగ్గ ఆ పొద్దు ఖాళీగా ఉంది.

వారం పోయాక అడిగాను, "అత్తా, నీ పొగాకు డబ్బా యాడ?"

"పండ్లు కదులుతుండాయి, మానేసినా. నీకెందుకే ఇంగ?"

చెరుకుగడ నమిలి పడేసే మనిషికి పండ్లు కదిలాయట! పంట చంపింది నేనేనని ఊరంతా అనుకుంది, ఆమె కాదనలేదు. పైగా మరుసటి పంటకు మళ్లీ నా చేతులు వాసన చూసింది. పన్నెండేళ్లు చూసింది. నేనూ ఊరుకోలేదు. ఆమె చీరల మడతల్లో, దిండు కింద, రాగుల డబ్బాలో అంతా వెతికాను. పొగాకు డబ్బా దొరకలేదు.

పోయిన ఏడాది ఆమె పోయింది. పదకొండో దినం ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడుతూ, వక్కాకు పక్కన పొగాకు పెట్టబోతే నా మొగుడు చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దే. పురుగులు చచ్చిన్నాడే అమ్మ డబ్బా తీసకపోయి పాడుబాయిలో పారేసినాది."

"ఎందుకో నీకు తెలుసునా?"

అతను తల వంచుకున్నాడు. "పొగాకు నలిపిన చేత్తోనే ఆకు వేసినాది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకునింది. తెలిస్తే కోడలు నన్ను పురుగుల ఇంట్లోకి రానియ్యదు అనింది."

ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ ఆ గుమ్మం దగ్గర నేనే ఆమెకు భయపడుతున్నాననుకున్నాను. ఆమే నాకు భయపడింది, తల్లీ! ఒక్క మాట చెప్పి ఉంటే తిట్టేదాన్ని, తప్పకుండా తిట్టేదాన్ని. రానియ్యకుండా ఎట్లా ఉంటాను?

పొగాకు విస్తట్లో పెట్టాను. "నములు అత్తా, నువ్వుండే చోట పురుగులు లేవు" అన్నాను పైకే.

అంతలో తట్టలకు ఆకు వేసే వేళ అయింది. గుమ్మం దాకా పోయి, అలవాటుగా చేతులు చాపి నిలబడ్డాను. ఎవరూ లేరు. నేనే వాసన చూసుకున్నాను. పొగాకు కంపు. వెనక్కి తిరిగి తొట్టి దగ్గరికి పోయి, బూడిద వేసి రెండుసార్లు రుద్ది కడుక్కున్నాను.