వీసా అక్క

పసిపిల్లల వార్డులో ఆమెను అందరూ ‘వీసా అక్క’ అంటారు. పిలిస్తే నవ్వుతూనే పలుకుతుంది. వేలెడంత బిడ్డకైనా ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకునే నర్సు. రోజూ డ్యూటీ ఎక్కేముందు ఫోను తీసి, విదేశంలో నర్సు ఉద్యోగానికి పెట్టుకున్న వీసా సంగతి చూసుకుంటుంది. మూడేళ్లుగా అక్కడ ఒకటే మాట, ‘పరిశీలనలో ఉంది’. ఈలోగా భాషా పరీక్ష మార్కులకు గడువు తీరిపోతే మళ్లీ కూర్చుని రాసింది. ఎలాగూ వెళ్లేదాన్నే కదా అని ఇంట్లో మంచం కూడా కొనలేదు, నేల మీదే పరుపు వేసుకుంటుంది.

మొన్న వార్డు ఇన్‌ఛార్జి రిటైరైతే, ఆ పని ఆమెకంటే ఆరేళ్లు చిన్నదానికి ఇచ్చారు. “నువ్వు ఇవాళో రేపో ఎగిరిపోయేదానివి కదమ్మా,” అంది మేట్రన్. కాదంటే ఇక వెళ్లనని ఒప్పుకున్నట్టే. “అవును మేడమ్,” అందామె. సాయంత్రం ఆ చిన్నది డ్యూటీ చార్టు పట్టుకొచ్చి పక్కన కూర్చుంటే, గీతలు గీయడం దగ్గర్నుంచి ఓపిగ్గా నేర్పింది. చివరి వరుసకొచ్చేసరికి ఆ పిల్ల పెన్ను ఆపి, “వచ్చే నెల నీ పేరు వెయ్యమంటావా అక్కా?” అని అడిగింది. ఆమె ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

“వెయ్యి,” అంది. “కాకపోతే పెన్సిలుతో వెయ్యి.”