సున్నపు తేట చంపిన చేపలు

1988 వానాకాలం. బిలాస్‌పూర్ స్టేషన్‌లో టికెట్లిచ్చే నీలవేణికి అప్పటికి నలభై దగ్గర పడుతోంది. తండ్రి డ్యూటీలో పోతే వచ్చిన ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. లోకో షెడ్‌లో పనిచేసే అన్న బంగార్రాజు, వదిన అసిరమ్మలతో వాళ్ళ క్వార్టర్‌లోనే ఉండేది. ఆ ఇంట్లో మొక్క ఎండినా, పెంచిన చిలక చచ్చినా నీలవేణి చెయ్యి మంచిది కాదనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆమె ఏనాడూ నవ్వలేదు.

ఆ ఏడు తనకోసమని ఒక గాజు తొట్టె కొనుక్కుంది. కుళాయి నీళ్ళు బ్లీచింగ్ కంపని, పెంకుల మీంచి కారే వాన నీళ్ళు డ్రమ్ముకి పట్టి నింపింది. మర్నాడే బోలెడు గోల్డ్‌ఫిష్ తెచ్చి వదిలింది. డ్యూటీ నుంచి రాగానే చీరైనా మార్చుకోకుండా వాటి ముందు కూర్చునేది. కొన్ని వారాలు అవి హుషారుగానే తిరిగాయి.

ఒక సాయంత్రం వచ్చేసరికి అన్నీ తేలిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం నోరు తెరిచి మూస్తోంది. ఆమె చూస్తుండగానే అదీ ఆగిపోయింది.

"సెప్పలేదేటి నాను? నీ సేతిలో ఏదీ బతకదే," అన్నాడు వెనక నుంచి బంగార్రాజు.

నీలవేణి గిర్రున తిరిగింది. "ఇంకోపాలి అను అన్నియ్యా ఆ మాట! నా మొహం సూసి అను!"

"ఒలమ్మ, సేపల కోసం ఇంత రభసేటి?" అంది అసిరమ్మ.

"సేపల కోసం కాదొదినా!"

మర్నాడు తొట్టెలో నీళ్ళు సీసాలో పట్టుకుని, రైల్వే స్కూల్లో కెమిస్ట్రీ చెప్పే జ్యోతిర్మయి ఇంటికెళ్ళింది. డ్రమ్ములో మిగిలిన వాన నీళ్ళు కూడా తీసుకెళ్ళింది. జ్యోతిర్మయి లిట్మస్ కాగితాలు ముంచింది. వాన నీళ్ళలో నీలం కాగితం లేత ఎరుపైంది. తొట్టె నీళ్ళలో ఎరుపు కాగితం నీలమైపోయింది.

"అచ్ఛా, ఇందులో ఎవరైనా సున్నంలాంటిది కలిపారా?"

నీలవేణి వడివడిగా ఇంటికొచ్చి అడిగింది. బంగార్రాజు తడుముకోకుండా చెప్పాడు: "నీళ్ళు కంపు కొడతంటే సున్నపు తేట పోసినాను. మనయ్య నూతిలో ఏసేవోడు కాదేటి?"

జ్యోతిర్మయి తర్వాత విడమరిచి చెప్పింది. చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినేసే సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో ఇంకా పెరగవు. నీళ్ళలో కాస్త ఆమ్లం ఉన్నన్నాళ్ళూ అమ్మోనియా చాలావరకు హాని తక్కువైన రూపంలో ఉండిపోతుంది. సున్నం పడగానే అదే తిరిగి విషమై మొప్పల్లోకి పోతుంది.

"ఒకేసారి అన్ని చేపలు వేసి విషం పోగుచేసింది మీరు. దాన్ని లేపింది ఆయన."

తన తప్పు విన్నాక కూడా నీలవేణి కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. తెలియక చేసింది ఇద్దరూ. చెయ్యి మంచిది కాదనిపించుకున్నది మాత్రం తనొక్కతే.

"సున్నం పోసినందుకు కాదు, ఆ మాట ఎనక్కి తీసుకో," అంది అన్నతో. అతను పేపరు మడిచి షెడ్‌కి వెళ్ళిపోయాడు.

ఆ వారమే సొంత క్వార్టర్‌కి అర్జీ పెట్టింది. చలికాలం మొదట్లో ఊళ్ళోనే తార్‌బహార్ వైపు ఒంటి గది దొరికింది. తొట్టె కూడా తీసుకెళ్ళింది. ఈసారి ఒక్క చేపనే వేసి, రోజూ కాసిని నీళ్ళు మారుస్తూ ఓపిక పట్టింది. అది బతికింది.

కొన్ని నెలలకి బంగార్రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సిందే," అన్నాడు నేలకేసి చూస్తూ.

"ఔను," అంది నీలవేణి.

కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. "పర్లేదులే" అని మాత్రం అనలేదు.