వకీలు గారి సందు

1939, యుద్ధం మొదలైన ఏడు. కర్నూలు పాత ఊళ్లో ఇరుకు ఎక్కువై, ఊరి బయట కొత్తపేట వేశారు. నేనప్పుడు మునిసిపాలిటీలో ఓవర్సీరుని. మద్రాసు నుంచి వచ్చిన ప్లాను ప్రకారం హద్దురాళ్లు పాతించింది నేనే. తిన్నని వీధులు, ఇళ్ల ముందు చెట్లకు చోటు, వెనక ‘కన్సర్వెన్సీ లేన్’. అంటే పాయిఖానాలు ఎత్తేవాళ్లు వచ్చిపోయే సందు. ఆ సందు చివర పొలం పక్కన మునిసిపల్ బండి నిలిచేది.

చివరి ఇల్లు ఒక వకీలుది. ఆయన కౌన్సిలరు కూడా. ఇల్లు లేచిందో లేదో, సందుకు అడ్డంగా గోడ కట్టి ఎద్దులకు కొట్టం వేసుకున్నాడు. నోటీసు మీద నోటీసు ఇచ్చాను.

“ఊరికే పడుండే జాగా కదప్పా, నీ సొమ్మేం పాయ?” అన్నాడు నవ్వుతూ. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకోవాలి?

ఆ వరుసలో పాయిఖానాలు ఎత్తే నాగమ్మకు బండి దగ్గరకు దారి లేకుండా పోయింది. గంప నెత్తిన పెట్టుకుని పెద్దవీధిలోంచి చుట్టూ తిరిగి పోయేది. నడివీధిలో కంపు కొడుతోందని ఫిర్యాదు చేసింది ఎవరనుకున్నారు? ఆ వకీలే! మునిసిపల్ ఛైర్మన్ ఆమెకు జుల్మానా వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గోడను కళ్లారా చూడమని పట్టుబట్టి ఆయన్ని పేటకు తీసుకెళ్లాను.

వకీలు గేటు దగ్గరే నాగమ్మ ఎదురైంది.

“వీధిలో రావద్దంటే నీకు చెవికెక్కలేదా?” అని వకీలు కసిరాడు.

“ఇంగ యాడ పోవల్ల సామీ? గోడ కట్టింది మీరు, జుల్మానా నాకా?”

గంప దించి ఆయన గేటుకు అడ్డంగా పెట్టింది. “దారి సూపిచ్చేదాంక ఇది ఈడనే ఉంటాది” అని వెళ్లిపోయింది.

ఛైర్మన్ ముక్కు మూసుకుని తన జట్కా ఎక్కి వెళ్లిపోయాడు. గంప జోలికి ఎవరూ పోలేదు. మధ్యాహ్నానికల్లా వకీలు తన కూలీలతోనే గోడ పడగొట్టించాడు. నా నోటీసులకు ఇటుకైనా కదలని గోడ అది!

సంతోషించేలోపే, పొగరు చూపిందని నాగమ్మను పనిలోంచి తీసేశారు. వద్దని మొత్తుకున్నాను, వినే నాథుడు లేడు. పైగా సొంత స్థలం దానమిచ్చిన మహానుభావుడన్నట్టు ఆ సందుకు వకీలు పేరుతో బోర్డు కొట్టించారు. సిగ్గుండాలి.

ఆ తర్వాత వేసిన ప్రతి పేటకూ మొదట వెనక సందు గీసి, తర్వాతే వీధులు గీశాను. బోర్డు మీది పేరును నమ్మడం కూడా అప్పుడే మానేశాను. ఆ దారి తెరిపించింది నాగమ్మ. ఆమె పొట్ట కొట్టింది మా మునిసిపాలిటీ.