కిరసనాయిలు లైనులో పట్టుచీర

మా అమ్మమ్మ సింహాచలమ్మ కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. శ్రీకాకుళం వైపు నుంచి కొత్త పెళ్ళికూతురుగా ఈ హిందీ ఊళ్ళో ఉక్కు ప్లాంటు కూలీలుండే క్యాంప్ 1కి వచ్చింది. చెల్లెలు గౌరీదేవిని తోడు తెచ్చుకుంది. ఇద్దరూ ప్లాంటు గోడలకు ఇటుకలు మోశారు. ఇప్పుడు మోయడానికేమీ లేక, ఉన్న గిన్నెల్నే అటూ ఇటూ మారుస్తుంటుంది. చదువు ఆగిపోయాక పగలంతా నేను ఆమె దగ్గరే.

మొన్న ప్లాంటు ఉద్యోగులుండే సెక్టర్ 6 నుంచి మధులత దీదీ లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఠేకా పనులు, అంటే కాంట్రాక్టు కూలిపనులు, ఆగి క్యాంపు పస్తులున్న ఏడాది గురించి డాక్యుమెంటరీ తీస్తోంది. అప్పట్లో ఎవరో తీసిన నలుపు తెలుపు ఫిల్ము ఆమెకు దొరికింది. అందులో కిరసనాయిలు లైను. ఆడవాళ్ళు డబ్బా నింపుకుని ఒక్కొక్కరే కెమెరా ముందు నుంచి నడిచి వెళ్తున్నారు.

అమ్మమ్మ తెర మీదకు వంగిపోయింది. "గౌరి! అమ్మూ, మా గౌరే!"

గౌరీదేవి ఆ ఏడే జ్వరంతో పోయింది. ఇంట్లో ఆమెది ఒక్క ఫోటో కూడా లేదు.

"ఈవిడా?" మధులత దీదీ ఇబ్బందిగా అంది. "అమ్మమ్మగారూ, ఈ షాట్ తీసేస్తున్నా. పట్టుచీర చూడండి. పస్తులంటే కౌన్ మానేగా, ఎవరు నమ్ముతారు? ఇంకో ఇద్దరు కూడా ఇలాగే ఉన్నారు."

అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళింది, గుమ్మం దాకా వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. లోపల గిన్నె ఏదో పడింది.

"తీసేస్తే మరి నా సెల్లి ఏదీ?" అక్కడి నుంచే అరిచింది. "ఆ సీర దానిది కాదమ్మా, నా పెళ్ళిసీర. ఫోటోవోళ్ళొచ్చారని తెలిసింది. సిరుగుబట్టల్తో కనబడతామేటి? ఒకరెనకాల ఒకరు మా ఇంట్లో దూరి అదే కట్టుకున్నాం. గౌరి ఇప్పితే పక్కింటి కనకరత్నం, అది ఇప్పితే నేను."

మధులత దీదీ ఫిల్మును వెనక్కి, ముందుకు జరిపి చూసింది. ముగ్గురి కొంగు మీదా ఒకే చోట కాలిన చిల్లు.

"అరే! మూడో ఆవిడ మీరా?"

"నేనే. నన్ను కోసెయ్. దాన్నుంచు."

"ముగ్గుర్నీ ఉంచుతా. కానీ ఈ మాట కెమెరా ముందు మీరే చెప్పాలి. ఇలాగే కూర్చోండి."

"ఇలాగా? మా సెల్లి పట్టుసీరలో ఉంటే, నేను నైటీలో కూకోవాలా?" అప్పటికే ట్రంకుపెట్టె తెరిచేసింది.

"అయ్యో, చీర మార్చడమే వద్దంటున్నా! వెలుతురు పోతోంది!"

"అయితే ఈలోగా అది నడిసేది ఇంకోపాలి ఎయ్యి. అమ్మూ, కుచ్చిళ్ళు పట్టు."

నేను నేల మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుతున్నాను. తెర మీద గౌరీదేవి డబ్బా పట్టుకుని మళ్ళీ నడిచింది. అమ్మమ్మ పాదాలు అప్పుడు కూడా ఒకచోట నిలవలేదు.